కంబైన్డ్ స్టడీ

"కంబైన్డ్ స్టడీకి పోతున్నా" అని చెప్పి ఒక్కసారైనా గడప దాటని ఇంటర్ కుర్రాడు మన ఊళ్ళలో ఉండడేమో. ఆ మాట వినగానే అమ్మ నవ్వేది, నాన్న గడియారం వైపు చూసేవాడు. అక్కడ జరిగేదాంట్లో కంబైన్డ్ ఎంతో, స్టడీ ఎంతో ఇద్దరికీ తెలుసు. నేనూ చాలాకాలం దాన్నొక సాకుగానే లెక్కేశాను. ఉద్యోగంలో పడ్డ కొన్నేళ్ళకి, 1992లో ఒక అమెరికన్ గణిత పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఆ లెక్క తప్పని తెలిసింది. పదిమందితో కలిసి కూచుని చదువుకునే చోటు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదాని మీద ఎన్ని చదువులు నిలబడ్డాయో, ఎన్ని కూలిపోయాయో చెప్పే వ్యాసం అది. రాసినాయన పేరు యూరి ట్రైస్మన్.

ఆ వ్యాసం చుట్టూ పెద్ద చరిత్రే ఉంది. అమెరికా కాలేజీలు 'లెర్నింగ్ కమ్యూనిటీ' అని పిలుచుకునే ఏర్పాటు చరిత్ర. ఫస్టియర్ పిల్లల్ని, ముఖ్యంగా ఆ క్యాంపస్‌లో తమలాంటివాళ్ళు పట్టుమని పదిమంది కూడా కనిపించని పిల్లల్ని, చిన్న జట్టుగా చేసి, వాళ్ళంతా అవే క్లాసులకి వెళ్ళేలా, అవే లెక్కలతో కలిసి కుస్తీ పట్టేలా చూడటం. స్థూలంగా ఇంతే. వినడానికి ఇంత చిన్న సంగతా అనిపిస్తుంది. ఆ చిన్న సంగతి దగ్గరికి చేరడానికి వాళ్ళకి యాభై ఏళ్ళు పట్టింది.

*

1970ల మధ్యలో ట్రైస్మన్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. ఫస్టియర్ కాల్‌క్యులస్ క్లాసుల్లో ప్రొఫెసర్లకి సాయంగా ఉండే టీచింగ్ అసిస్టెంట్లకి తర్ఫీదు ఇచ్చే పనిలో ఉన్నాడు. మీ క్లాసులో బాగా చేసేవాళ్ళ గురించి చెప్పండి, చేయలేకపోతున్నవాళ్ళ గురించి చెప్పండి అని వాళ్ళని అడిగాడు. ఎవర్ని అడిగినా దాదాపు ఒకటే జవాబు. బాగా చేసేవాళ్ళు అనగానే చైనీస్ అమెరికన్ పిల్లలు. చేయలేకపోతున్నవాళ్ళు అనగానే నల్లజాతి పిల్లలు. రికార్డులు తిరగేస్తే ఆ మాట నిజమేనని తేలింది. అంతకుముందు పదేళ్ళలో బర్క్‌లీలో మొదటి టర్ము కాల్‌క్యులస్ పూర్తిచేసిన నల్లజాతి విద్యార్థుల్లో 60 శాతం మందికి వచ్చిన గ్రేడు డి, లేదా ఎఫ్.

ఒక్క సబ్జెక్టే కదా, మళ్ళీ రాసుకోవచ్చు కదా అనిపించొచ్చు. మన ఇంజనీరింగ్‌లో ఎమ్-వన్ పోతే సప్లీ రాసి గట్టెక్కినవాళ్ళు కోకొల్లలు. అక్కడ కాల్‌క్యులస్ ఒక గుమ్మం. ఇంజనీరింగ్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇలా లెక్కలతో పని ఉన్న ప్రతి దారికీ ముందు అది దాటాలి. దాంట్లో దెబ్బతిన్న పిల్ల కాలేజీ మానేయకపోవచ్చు. కానీ ఇంజనీర్నవుతానని ఇంటి దగ్గర చెప్పి వచ్చిన మాటని ఆ గుమ్మం దగ్గరే వదిలేసి వేరే దారి పట్టేది.

ఎందుకిలా అవుతోంది అని ట్రైస్మన్ అధ్యాపకుల్ని అడిగాడు. నాలుగు జవాబులొచ్చాయి. ఒకటి, ఈ పిల్లలకి మిగతావాళ్ళంత పట్టుదల లేదు. రెండు, హైస్కూల్లో పునాది సరిగ్గా పడలేదు. మూడు, ఇళ్ళల్లో చదువుని పట్టించుకునేవాళ్ళు లేరు. నాలుగు, అసలు సంగతి పేదరికం. తక్కినవన్నీ దాని వెనక వచ్చేవే.

నాలుగూ మర్యాదస్తుల జవాబులే. ఎవరూ జాతి పేరెత్తి తిట్టలేదు. కొందరైతే నిజమైన జాలితోనే చెప్పుంటారు. కానీ నాలుగు వేళ్ళూ పిల్లల వైపో, వాళ్ళ ఇళ్ళ వైపో చూపిస్తున్నాయి. విశ్వవిద్యాలయం వైపు ఒక్క వేలూ తిరగలేదు. మా వృత్తిలో ఇది బాగా తెలిసిన జబ్బు. ప్రోగ్రాం పనిచేయట్లేదని ఫోన్ రాగానే, వాడే ఏదో తప్పుగా నొక్కుంటాడులే అనుకుంటాం. లాగ్ ఫైల్ తెరిచి చూసేదాకా ఆ అనుమానమే నిజమనిపిస్తుంది.

ట్రైస్మన్ లాగ్ ఫైల్ తెరిచాడు. నాలుగు జవాబుల్నీ ఒక్కొక్కటిగా ఆ పిల్లల వివరాలతో పోల్చి చూస్తే ఒక్కటీ నిలబడలేదు. పట్టుదల సంగతి చూస్తే, వాళ్ళలో చాలామంది తమ స్కూళ్ళకి ఫస్ట్ వచ్చినవాళ్ళు. ఇళ్ళ సంగతి చూస్తే, ఈ బిడ్డ కాలేజీకి పోవాలని పుట్టకముందే నిర్ణయించుకున్న తల్లిదండ్రులు కనిపించారు. పునాది సంగతి ఇంకా విచిత్రం. ప్రవేశపరీక్ష గణితంలో మంచి స్కోరు తెచ్చుకున్న నల్లజాతి పిల్లల్లోనే చాలామంది అందరికంటే ముందు చతికిలపడ్డారు. డబ్బున్న ఇళ్ళ పిల్లలే గట్టెక్కారు అందామంటే, అలా కూడా లేదు.

*

ఇక మిగిలింది ఒక్కటే దారి, వాళ్ళు చదువుకునే చోటికే వెళ్ళి చూడటం. 20 మంది నల్లజాతి విద్యార్థులు, 20 మంది చైనీస్ అమెరికన్ విద్యార్థులు. వాళ్ళ గదుల్లో, లైబ్రరీలో, వంటింట్లో, ఎక్కడ పుస్తకం తెరిస్తే అక్కడ. వాళ్ళు లెక్కలు చేస్తుంటే వీడియో కూడా తీశాడు.

నల్లజాతి పిల్లల రోజు ఇలా ఉండేది. టైముకి క్లాసుకి వెళ్ళేవాళ్ళు. నోట్సు రాసుకునేవాళ్ళు. ఒక గంట పాఠానికి రెండు గంటలు చదవాలని ఎవరో చెప్పారు కాబట్టి వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు నిజాయితీగా కూచునేవాళ్ళు. హోంవర్కు టైముకి ఇచ్చేసేవాళ్ళు. పరీక్ష బాగానే రాశాననుకుని బయటికొచ్చేవాళ్ళు. తర్వాత వచ్చిన మార్కు చూసి నోట మాట వచ్చేది కాదు. 20 మందిలో 18 మంది తోటి విద్యార్థులతో కలిసి ఒక్కసారి కూడా చదవలేదు.

చైనీస్ పిల్లలు కూడా ముందు ఒంటరిగానే చదివేవాళ్ళు, వారానికి ఎనిమిది నుంచి పది గంటలు. సాయంత్రమైతే ఒకచోట చేరేవాళ్ళు. ఏదో వండుకుని తినేవాళ్ళు. తర్వాత హోంవర్కు తీసి, నీకెంతొచ్చింది, నాకింతొచ్చింది అని సరిచూసుకునేవాళ్ళు. ఒక్కడి జవాబు తేడాగా ఉంటే వాడు తప్పు. అందరి జవాబులూ తలో రకంగా ఉంటే ఆ లెక్క నిజంగానే కష్టమైనది. ఒకరి రాత ఒకరు దిద్దేవాళ్ళు, గణితాన్నే కాదు, ఇంగ్లిషుని కూడా. ఏ అన్నయ్యో, వరసకి సోదరుడయ్యే సీనియరో వచ్చి ప్రశ్నలడిగేవాడు. పాత పరీక్ష పేపర్లు ఎక్కడ దొరుకుతాయో వాళ్ళకి తెలుసు. క్లాసులో తను ఎన్నో స్థానంలో ఉన్నాడో ప్రతివాడికీ తెలుసు.

వీళ్ళు వారానికి ఎక్కువ గంటలు చదివిన మాట నిజమే. నాకు అసలు తేడా అక్కడ కనిపించలేదు. అర్ధరాత్రి ఒక్కడే కూచున్నప్పుడు ఒక లెక్క రాకపోతే, దాని గురించి ఆ కుర్రాడు చెప్పుకోగలిగిన సంజాయిషీ ఒకటే. "నాకు రావట్లేదు." పక్కన నలుగురుంటే అదే లెక్క గురించి "ఇది ఎవరికీ రావట్లేదు" అనుకోవచ్చు. మొదటి మాట నోట్లోంచి వచ్చినవాడు పుస్తకం మూస్తాడు. రెండో మాట అన్నవాళ్ళు ఇంకో అరగంట దాంతో పెనుగులాడతారు. పైగా ఆ మొదటివాడు తను ఏ బ్యాక్‌గ్రౌండ్ నుంచి వచ్చాడో, తన గురించి ప్రొఫెసర్లు ఏమనుకుంటున్నారో తెలిసినవాడైతే, "నాకు రావట్లేదు" అన్నది "మావాళ్ళకి ఇది రాదు" దాకా వెళ్ళడానికి ఎంతో సేపు పట్టదు.

మరి వాళ్ళు ఎందుకు కలిసి చదవలేదు? ఇదీ నన్ను బాగా కదిలించిన భాగం. ఒంటరిగా చదవడమే వాళ్ళని బర్క్‌లీ దాకా తీసుకొచ్చింది. చాలామంది హైస్కూల్లో బాగా చదివినందుకు తోటిపిల్లల ఎత్తిపొడుపులు తిన్నవాళ్ళు. స్నేహితులు ఒకవైపు, చదువు ఒకవైపు. రెండింటినీ కలవనీయకుండా జాగ్రత్తగా పెంచుకున్నారు. గది తలుపేసుకుని చదివితేనే నెగ్గుకురాగలిగారు. ఇంతదూరం మోసుకొచ్చిన అలవాటుని, ఇక్కడికి రాగానే వదిలేయమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఎందుకు వింటారు? పన్నెండేళ్ళుగా పనిచేసిన పద్ధతి కదా.

సాయం చేయడానికి విశ్వవిద్యాలయం పెట్టిన ఏర్పాట్లు లేకపోలేదు. మైనారిటీ విద్యార్థులకి ట్యూషన్లు, కౌన్సెలింగులు ఉన్నాయి. వాళ్ళు అటువైపు పోయేవాళ్ళు కాదు. తమ స్కూల్లో వేరేవాళ్ళకి ట్యూషన్ చెప్పిన పిల్లలు వీళ్ళు. వెనకబడ్డవాళ్ళ కోసం అని బోర్డు పెట్టిన గదిలోకి ఏ ముఖంతో వెళ్తారు?

*

1978లో ట్రైస్మన్ మొదలుపెట్టిన వర్క్‌షాపు ఈ రెండు సంగతుల్నీ గుర్తుపెట్టుకుని కట్టింది. లియాన్ హెన్కిన్ లాంటి పేరున్న గణితజ్ఞుల చొరవతో బర్క్‌లీలో 1974లో మొదలైన ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం దానికి గూడు ఇచ్చింది.

వెనకబడ్డవాళ్ళు అన్న మాటే అక్కడ లేదు. దాన్ని ఆనర్స్ కార్యక్రమం అన్నారు. మీరు బాగా చదివేవాళ్ళు, ఇంకా బాగా చదవాలనుకునేవాళ్ళు ఇక్కడికి రండి అని పిలిచారు. ఏ జాతివాళ్ళైనా రావచ్చు, వచ్చారు కూడా. ఎక్కువమంది నల్లజాతి, లాటినో విద్యార్థులు. చిన్న చిన్న జట్లుగా కూచోబెట్టి చేతికి లెక్కల కాగితం ఇచ్చేవాళ్ళు. క్లాసులో చేసినవాటికంటే కష్టమైన లెక్కలు. పాత పరీక్షల్లో పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టినవి. పైకి తెలిసినట్టే ఉండి, చేయబోతే మనకి ఏం తెలియదో బయటపెట్టేవి. నడిపించే సీనియర్ బోర్డు దగ్గర పాఠం చెప్పడు. బల్లల మధ్య తిరుగుతూ, ఇరుక్కున్నచోట ఇంకో ప్రశ్న అడుగుతాడు. ఎవరికి వాళ్ళు కాసేపు చేసి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోవాలి. మామూలు కాల్‌క్యులస్ క్లాసు మామూలుగానే నడిచేది. అదే ప్రొఫెసర్, అదే పరీక్ష, అదే గ్రేడింగు. అందులో ఎవరికీ ఏ సడలింపూ లేదు.

ఫలితం గురించి ఒక్కటి చెప్తే చాలు. ప్రవేశపరీక్ష గణితంలో 600 దాటి కాస్త పైన ఉన్న నల్లజాతి విద్యార్థులు, వర్క్‌షాపులో చేరాక, 750కి అటూఇటూ స్కోరున్న తెల్లజాతి, ఆసియా విద్యార్థులతో సమానంగా గ్రేడ్లు తెచ్చుకున్నారు. 1985లో ఇదంతా ట్రైస్మన్ పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం అయింది. 1988లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో 'ఎమర్జింగ్ స్కాలర్స్' అన్న పేరుతో ఇదే పద్ధతి మొదలైంది. అక్కడి నుంచి దేశమంతా పాకింది.

*

లెర్నింగ్ కమ్యూనిటీల చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా బర్క్‌లీతో మొదలుపెట్టరు. 1927తో మొదలుపెడతారు. ఆ ఏడు అలెగ్జాండర్ మికిల్‌జాన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 'ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ' తెరిచాడు. సబ్జెక్టులు లేవు. మొదటి ఏడంతా ప్రాచీన ఏథెన్స్ నగరం గురించి, రెండో ఏడంతా ఆధునిక అమెరికా గురించి. కుర్రాళ్ళందరూ ఒకే వసతిగృహంలో ఉండేవాళ్ళు, అధ్యాపకుల గదులూ అక్కడే. తినేటప్పుడూ పడుకునేముందూ ప్లేటో గురించి వాదులాట. ఆర్థికమాంద్యం, తగ్గిపోయిన విద్యార్థులు, మిగతా డిపార్టుమెంట్ల కోపం, అన్నీ కలిసి 1932లో దాన్ని మూయించాయి. మికిల్‌జాన్ ఆలోచనల్ని నమ్మిన జోసెఫ్ టస్‌మన్ 1965లో ఇదే బర్క్‌లీలో మళ్ళీ ప్రయత్నించాడు. నాలుగేళ్ళకి అదీ ఆగింది. 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన ఎవర్‌గ్రీన్ కాలేజీ మాత్రం ఈ పద్ధతినే పునాదిగా పెట్టుకుని నిలబడింది.

ఈ పాయలో గొప్పతనం ఉంది, కాదనను. కానీ ఇది చదువు ఎలా ఉండాలన్న ప్రశ్న నుంచి పుట్టింది. కాలేజీ గడప తొక్కడమే కష్టమైనవాళ్ళు లోపలికొచ్చాక ఏమైపోతున్నారన్న ప్రశ్న దాంట్లో లేదు. విస్కాన్సిన్‌లో ఆ వసతిగృహంలో ఉన్నవాళ్ళంతా మగపిల్లలే.

ఆ రెండో ప్రశ్న న్యూయార్క్ వీధుల్లోంచి వచ్చింది. 1969 ఏప్రిల్‌లో హార్లెంలోని సిటీ కాలేజీ గేట్లకి నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు తాళాలు వేశారు. కాలేజీ చుట్టూ ఉన్న జనం ఎవరు, కాలేజీ లోపల ఉన్నవాళ్ళు ఎవరు అని నిలదీశారు. 1970 నుంచి నగరంలో హైస్కూలు పాసైన ప్రతివాళ్ళకీ సిటీ యూనివర్సిటీలో సీటు అని ప్రకటించక తప్పలేదు. తలుపు బార్లా తెరిచారు. లోపలికొచ్చిన పిల్లల రాత చూసి అధ్యాపకులు బెంబేలెత్తారు. ఒక వాక్యం సరిగ్గా రాయలేనివాళ్ళకి కాలేజీ ఎందుకన్నారు. అదే సిటీ కాలేజీలో పనిచేసిన మినా షానెసీ మాత్రం ఆ పిల్లల వ్యాసాలు 4000 దాకా ముందేసుకుని కూచుంది. ప్రతి తప్పుకీ వెనక ఒక తర్కం ఉందని, తెలివితక్కువ వల్ల వచ్చిన తప్పులు కావవని 1977లో పుస్తకం రాసింది. ట్రైస్మన్ ఇంకో తీరంలో లెక్కల గురించి కనుక్కున్నదానికి ఇది చాలా దగ్గర. ఇద్దరూ చేసిన పని ఒకటే. తీర్పు ఇచ్చేముందు వెళ్ళి చూశారు.

అదే నగరంలో క్వీన్స్ వైపు ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో 1971లో లగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీ మొదలైంది. పగలు పనిచేసి వచ్చే పిల్లలు, వలసవచ్చిన కుటుంబాల పిల్లలు. వసతిగృహాల మాటే లేదు. క్లాసు అవగానే సబ్‌వే ఎక్కి ఇంటికో, డ్యూటీకో పోవాలి. సాయంత్రం వండుకుని తింటూ లెక్కలు చేసుకునే తీరిక ఎక్కడిది? అందుకని ఆ కాలేజీ టైంటేబుల్‌నే ఆయుధం చేసుకుంది. ఒకే గుంపు పిల్లలకి రెండు మూడు కోర్సులు కలిపి ఇచ్చి, ఆ మాస్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పాఠాలు అల్లేలా చేసింది. 'క్లస్టర్లు' అన్నారు వాటిని. క్యాంపస్‌లో ఉండేది ఆ కాసేపే కాబట్టి స్నేహం కూడా క్లాసులోనే పుట్టాలి.

విద్యార్థులు కాలేజీ ఎందుకు వదిలేస్తారన్నదాని మీద 1987లో పుస్తకం రాసిన విన్సెంట్ టింటో, తర్వాత వెళ్ళి చూసిన చోట్లలో లగ్వార్డియా ఒకటి. ఇక్కడ నాకొక మనిషి ఉన్నాడు, నేను రాకపోతే అడుగుతాడు అన్న భావన పిల్లల్ని నిలబెడుతుందని ఆయన వాదన సారం. మికిల్‌జాన్ వసతిగృహంలో దొరికినది, చైనీస్ పిల్లల వంటింట్లో దొరికినది, ఇక్కడ టైంటేబుల్‌లో రాసి ఇవ్వాల్సి వచ్చింది.

*

ఈ కథకి పతాకసన్నివేశం కావాలంటే బాల్టిమోర్ దగ్గర దొరుకుతుంది. ఫ్రీమన్ హ్రబౌస్కీ పన్నెండేళ్ళ వయసులో, 1963లో, బర్మింగ్‌హాం పిల్లల ఊరేగింపులో నడిచి జైలుకెళ్ళినవాడు. లెక్కలంటే ప్రాణం. 1988లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్‌లో, రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో, సైన్సులో నల్లజాతి కుర్రాళ్ళ కోసం ఒక కార్యక్రమం కట్టాడు. తర్వాత ఆడపిల్లలకీ, ఆ తర్వాత అన్ని జాతులవాళ్ళకీ తెరిచారు. ఫస్టియర్ మొదలవకముందు వేసవిలోనే పిల్లల్ని రప్పించి కలిపి ఉంచుతారు. జట్టుగా చదవడం అక్కడ నియమం. లక్ష్యం పాసవడం కాదు, పీహెచ్‌డీ. కోవిడ్ టీకా వెనక పరిశోధనలో ముఖ్యపాత్ర పోషించిన కిజ్మేకియా కార్బెట్ ఆ కార్యక్రమంలోంచి వచ్చినావిడే.

అలాగని మంత్రం దొరికిందని అనుకుంటే పొరపాటు. 2003 నుంచి బ్రుక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో దాదాపు 1500 మందిని లాటరీ తీసి రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మొదటి సెమిస్టరు లెర్నింగ్ కమ్యూనిటీ, రెండోభాగానికి మామూలు చదువు. ఆరేళ్ళ తర్వాత చూస్తే డిగ్రీ చేతికొచ్చినవాళ్ళు మొదటి భాగంలో 36 శాతం, రెండోదాంట్లో 31. తేడా ఉంది, కానీ ఆకాశానికి ఎత్తేంత కాదు. తర్వాత ఆరు కాలేజీల్లో ఇలాంటి పరీక్షే చేస్తే ప్రభావం ఇంకా తక్కువ. 2007లో సిటీ యూనివర్సిటీ ఇంకో పథకం పెట్టింది. జట్టుగా క్లాసులతోపాటు, పిల్లల్ని పేరుపేరునా ఎరిగిన సలహాదారు, తక్కువపడ్డ ఫీజు, పుస్తకాల ఖర్చు, సబ్‌వే పాసు. మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు 22 శాతం నుంచి 40కి పెరిగారు.

ఈ అంకెలు చూశాక నాకు అర్థమైంది ఇది. పాతికమందిని ఒకే గదిలో కూచోబెడితే గుంపు అవుతుంది, జట్టు అవదు. ట్రైస్మన్ గదిలో కష్టమైన లెక్క ఉంది, మీరు చేయగలరన్న పిలుపు ఉంది. ఆ రెండూ తీసేసి కుర్చీలు మాత్రం దగ్గరగా జరిపితే మిగిలేది ఇంకో ట్యూషన్ గది. అలాగే చేతిలో బస్సు డబ్బుల్లేనివాడికి జట్టు ఒక్కటే చాలదు. అధ్యాపకుల నాలుగో జవాబు, పేదరికం, పూర్తిగా అబద్ధం కాదు. ఆ ఒక్క మాటతో మిగతా అన్నిటికీ తలుపులు మూసేయడమే తప్పు.

ఈ తలుపుల కథ ఇంకా నడుస్తూనే ఉంది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని నిషేధించారు. 2023లో సుప్రీంకోర్టు దేశమంతటికీ దాదాపు అదే మాట చెప్పింది. సీటు ఎవరికివ్వాలన్న తగువులో అందరి గొంతూ పెద్దదే. సీటొచ్చిన పిల్ల మొదటి సెమిస్టరు ఎవరితో కలిసి చదువుతుందన్నదాని మీద ఎవరికీ గొంతు లేవదు.

*

ట్రైస్మన్ రాసిన చైనీస్ పిల్లల సాయంత్రాలు చదువుతుంటే నాకు వేరే సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిన నా స్నేహితుల అపార్టుమెంట్లు. నలుగురికి రెండు గదులు, వంటకి వంతులు, సీనియర్లు వదిలివెళ్ళిన రైస్ కుక్కరు, దాంతోపాటే వాళ్ళ పాత అసైన్‌మెంట్లు, ఏ ప్రొఫెసర్ ఎలా అడుగుతాడన్న రహస్యాలు. మనవాళ్ళు బాగా కష్టపడతారండీ అని చెప్పుకుంటాం. కష్టపడతారు, నిజమే. రైస్ కుక్కరు సంగతి మాత్రం చెప్పుకోం.

నా ఇంజనీరింగ్ ఫస్టియర్ కూడా అలాంటి ఒక గదిలోనే గట్టెక్కింది. మేం అయిదుగురం. అందరం ఇంటర్ ఇంగ్లిష్ మీడియం, ముగ్గురం ఒకే కార్పొరేట్ కాలేజీ. ఎమ్-వన్ పరీక్షకి ముందు సీనియర్ల దగ్గర జిరాక్స్‌లు తెచ్చుకుని, రాత్రి రెండింటిదాకా అరుచుకుంటూ చేశాం. పాసయ్యాం. అది నా తెలివి అని చాలా ఏళ్ళు నమ్మాను.

అదే వరండాలో చివరి గదిలో ఒకతను ఉండేవాడు. తెలుగు మీడియం. ఎంసెట్‌లో నాకంటే మంచి ర్యాంకు. తలుపేసుకుని చదివేవాడు, మాకంటే ఎక్కువ గంటలే. మొదటి ఏడు మూడు సబ్జెక్టులు ఉండిపోయాయి. రెండో ఏడు మధ్యలో గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. మీడియం దెబ్బ అన్నాం. ఇంట్లో ఇబ్బందులట అన్నాం. మేమూ మర్యాదస్తులమే.

ఎమ్-వన్ పరీక్ష వారంలో ఒక రాత్రి అతను పుస్తకం పట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "బాస్, ఇంటిగ్రేషన్ అంటే సమాకలనమే కదా?" అని అడిగాడు. మేం నవ్వలేదు. ఆ మాట మా అయిదుగురిలో ఎవరికీ నిజంగానే తెలియదు. తెలియదు బాస్ అన్నాం. ఒక్క క్షణం ఆగి, పర్లేదులే అని వెళ్ళిపోయాడు. ఆ లెక్క మాకూ అప్పటికి గంటసేపటి నుంచి రావట్లేదు. "రా, కూచో" అని మాలో ఎవరమూ అనలేదు.